ఎదురుగా కూర్చుని నేర్చుకున్న పని

మా అత్త చేతుల్లో ముందుగా మాట వినడం మానేసింది కుడి బొటనవేలు. ఆ సంగతి ఆమె కంటే ముందు నేనే చూశాను. అన్నంలో పప్పు కలిపేటప్పుడు నాలుగు వేళ్ళు కదిలేవి, బొటనవేలు మాత్రం పక్కన ఊరికే నిలబడి ఉండేది. పనేమీ లేనప్పుడు అదే వేలు చూపుడువేలితో కలిసి, కనిపించని పోగునేదో నలుపుతూ ఉండేది.

"ఏం అత్తా, ఒట్టి గాలిని అతుకుతాండావు?" అని నవ్వాను.

ఆమె చేతిని పైట కింద దాచుకుంది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

పంతొమ్మిది వందల అరవైల మొదటి సంవత్సరాలు అవి. నేను హిందూపురంలో పుట్టాను. మా నాయన అక్కడి మండీలో బెల్లం దిమ్మెలు మోసేవాడు. మా అమ్మ, నేను చింతపండు గింజ తీసేవాళ్ళం. మా తాతలు నేతవాళ్ళే అయినా మా నాయన దాకా వచ్చేసరికి మగ్గం పోయింది, కులం మాత్రం మిగిలింది. ఆ కులం చూసే ధర్మవరంలో నన్ను అడిగారు. పెళ్ళయి ఆరేళ్ళయినా నాకు వచ్చిన పని పోగును కండెలకు చుట్టడం ఒక్కటే. చంకలో పిల్ల, చేతిలో రాట్నం పిడి. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు భుజం ఎక్కడుందో తెలిసేది కాదు.

ఇల్లు చిన్నది. ముందు గదంతా మగ్గమే. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి మా ఆయన నేసేవాడు. మా మామ పోయాక ఆ గుంతలోకి ఆయన కాళ్ళు దిగాయి. అత్త పని అతకడం. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, నేయడం అయిపోయాక దాని కొసలు మగ్గంలోనే ఉంచి కోస్తారు. కొత్త పడుగు తెచ్చి, పాత కొస ఒక్కొక్కదానికి కొత్త పోగు ఒక్కొక్కటి అతకాలి. అట్లా వేల పోగులు. ముడి వేయకూడదు. పోగుల్ని పైకీ కిందికీ ఎత్తే నూలు కళ్ళలో నుంచి, దాని ముందున్న దువ్వెనలాంటి అచ్చులో నుంచి అతుకు దూరిపోవాలి, ముడి అయితే దూరదు. అందుకని రెండు కొసలనూ కలిపి, బూడిద అద్దిన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడతారు. చిన్న తోక ఒకటి నిలబడుతుంది. ఆ తోకను పోగు మీద పడుకోబెట్టి మళ్ళీ నలిపితే అతుకు అయినట్టు. మా అత్త ఈ పని చేస్తూ వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడేది, పొయ్యి మీద సంగటి మాడుతోందని అరిచేది, కొడుకును తిట్టేది. చేతులు మాత్రం వాటి దారిన అవి పోయేవి.

అట్లాంటి చేతులు ఒక్కో పోగు దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టాయి.

ఒక పడుగు అతకడానికి ఆమెకు రెండున్నర రోజులు పట్టేది. అది నాలుగు రోజులైంది, ఆరైంది. అన్నాళ్ళూ మగ్గం ఊరికే ఉండేది. పడుగు ఇచ్చే సాహుకారు ఆలస్యానికి అరిచే మనిషి కాదు. అరవకుండానే తరువాతి పడుగు ఇంకో ఇంటికి పంపేవాడు. రెండుసార్లు అట్లా జరిగితే మా ఆయన ఎవరి ఇంటి మగ్గంలోనో కూలికి కూర్చోవలసిందే. వీధిలో ముగ్గురు అట్లా పోయినవాళ్ళున్నారు. అతికేవాళ్ళను బయటినుంచి పిలుద్దామంటే ఎవరి ఇంటి పని వాళ్ళకే సరిపోయేది.

"నా కొడుకు ఇంకొకరి గుంతలో కాళ్ళు పెట్టేది నేను చూడను" అంది అత్త. ఆ మాట అనడానికి కూడా ఆమెకు ఈమధ్య ఎక్కువసేపు పడుతోంది. గొంతు చిన్నదైపోయింది.

పెనుకొండలో మంచి డాక్టరున్నాడని ఎవరో చెబితే రైల్లో తీసుకుపోయాం. ఆయన అత్త చేతిని పట్టుకుని మోచేతి దగ్గర వంచి చూశాడు. బొటనవేలితో చూపుడువేలిని టకటక కొట్టమన్నాడు. నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. తరువాత ఒక్కో దెబ్బా చిన్నదవుతూ వేళ్ళు అతుక్కుపోయాయి.

"చేతుల్లో బలం ఉందమ్మా. కండలు బాగున్నాయి. 'ఇప్పుడు కదులు' అని చేతికి చెప్పేది తల. ఆ చెప్పడం ఆలస్యమవుతోంది" అన్నాడు.

"నా తలకాయ బాగానే ఉండాది సామీ. నా పెండ్లి నాటి నుంచి మగ్గం మీదికెక్కిన ప్రతి చీరా ఏ రంగో అడుగు, చెప్తా."

డాక్టరు నవ్వాడు. "అది కాదు తల్లీ. నువ్వు తలుచుకునేది ఒక భాగం. నీకు తెలియకుండా చేతుల చేత పని చేయించేది ఇంకో భాగం. చేతులు వాటంతటవే చేస్తున్నాయి అనుకుంటాం. వాటంతటవి ఏమీ చేయవు. లోపల ఒకటి చేయిస్తూ ఉంటుంది. నీకు అది అలసిపోయింది."

"అదొక్కటేనా సామీ. నేనూ అలిసిపోయినా."

మాత్రలు ఇచ్చాడు. తగ్గుతుందా అని మా ఆయన అడిగితే, తగ్గదు, మెల్లగా పెరుగుతుంది అని దాచకుండా చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషను గేటు దగ్గర అత్త నిలబడిపోయింది. ముందున్నది చదును నేల. రాయి లేదు, గుంత లేదు. అయినా అరికాళ్ళు నేలకు అంటించినట్టు ఉండిపోయింది.

"నడువమ్మా, బండి వస్తాది" అన్నాడు మా ఆయన.

"నడవాలనే చూస్తాండా. కాళ్ళకు చెప్తానే ఉండా."

చెరో రెక్కా పట్టుకుని లాగాం. అట్లా లాగుతూనే పట్టాల దాకా తెచ్చాం. అవతలి వైపుకు దాటాలి. అక్కడ నాకు నమ్మబుద్ధి కానిది జరిగింది. పట్టాల కింద అడ్డంగా పరిచిన కొయ్యలు కనపడగానే ఆమె మా చేతులు విదిలించుకుని, ఒక కొయ్య దాటి ఇంకో కొయ్య మీద కాలు వేస్తూ, పట్టాల వెంటే పడుచుపిల్లలా పది అడుగులు నడిచేసింది. మా ఆయన పరుగెత్తి ఆమెను అవతలికి దించాడు. దిగగానే మళ్ళీ నిలబడిపోయింది.

రైల్లో కూర్చున్నాక చాలాసేపటికి అంది: "దాటేదానికి ఏదన్నా ఉంటే కాలు లేస్తాది. ఊరికే నేలుంటే లేయదు. ఇదేం రోగమే."

నేను కిటికీకి తల ఆనించుకున్నాను. ఆ రోజు నాకు జ్వరంగా కూడా ఉంది.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచి నాకు అతకడం నేర్పడం మొదలైంది. మగ్గం మీద ఉన్న పడుగు నేత అయ్యేలోపు నేను సిద్ధం కావాలి. వెనక పంచలో రెండు గూటాలు కొట్టి, వాటి మధ్య పాత పడుగుల మిగులు పోగుల్ని కట్టారు. అత్త ఒక పక్క, నేను ఆమెకు ఎదురుగా ఇంకో పక్క కూర్చున్నాం. మా ఇంట్లో కోడలు అత్త పక్కన ఒకే పీట మీద, ఒకే చాప మీద కూర్చునేది కాదు. కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదు, అంతే.

"నా చేతులు చూసి చెయ్యి" అంది.

ఆమె మెల్లగా చేసేది కాబట్టి చూడడానికి వీలుగా ఉండేది. మంచి రోజుల్లో అయితే ఆ వేళ్ళు ఏం చేశాయో నాకు కనపడేది కాదు. నేను ఒక పోగు పట్టుకుంటే ఇంకోటి జారేది. రెండూ పట్టుకుంటే బూడిద మరిచిపోయేదాన్ని. మెలిపెడితే ఎక్కువై తెగేది, తక్కువై విడిపోయేది. ఒక్కో అతుకుకూ ఊపిరి బిగబట్టేదాన్ని. వేళ్ళకు పని చెబుతుంటే భుజాలూ మెడా దవడా అన్నీ ఆ పనిలోకి వచ్చి చేరేవి. సాయంత్రానికి పళ్ళు నొప్పి పుట్టేవి.

గోడ అవతలి మగ్గం ఇంటి వదిన మా పంచలోకి తొంగి చూసేది. "ఏం వదినా, బెల్లం పట్టిన చేతులకు పట్టు అంటుకుంటాందా?"

"అంటుకుంటాందిలే. నువ్వు నీ గోడ దిగు" అనేది అత్త నా బదులు.

నేను కోప్పడేదాన్ని కాదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజమే. బెల్లం మోసింది మా నాయనే అయినా, చింతపండు గింజ తీసిన నా వేళ్ళు గట్టిగా నొక్కడానికి అలవాటుపడ్డవి. పట్టు పోగుకు ఆ బలం అక్కరలేదు. ముందు నా వేళ్ళు బలం తగ్గించుకోవడం నేర్చుకోవాలి. అదే కష్టమైంది.

మూడు నెలలు పోయాయి. ఒకరోజు మధ్యాహ్నం పిల్లకు అమ్మవారు పోసిందేమో, ఒళ్ళు వేడిగా ఉంది, వేపాకు ఎవరింట్లో దొరుకుతుంది అని ఆలోచిస్తూ కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే నా ముందు ఒక జానెడు మేర పోగులన్నీ అతికి ఉన్నాయి. వాటిని ఎప్పుడు అతికానో నాకు తెలియదు. భయం వేసింది. అత్త చెయ్యి చాచి వాటి మీద వేలితో నిమిరింది. మెత్తగా, ఎక్కడా తగలకుండా పోయింది వేలు.

"ఇంగ నీ చేతికి వచ్చేసింది" అంది.

ఆ వారంలోనే మగ్గం మీది పడుగులో ఆఖరి చీర దిగింది. కొత్త పడుగు వచ్చింది. మామిడిపండు రంగు, పెళ్ళివాళ్ళ కోసం. గడువు చెప్పి మరీ ఇచ్చారు. ఈసారి ఆలస్యమైతే ఇంకోసారి ఇవ్వరని మా ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

అతికే పీట మగ్గం వెనక, నూలు కళ్ళకు ఎదురుగా ఉంటుంది. ఆ పీట మీద మా అత్త ముప్ఫై ఏళ్ళు కూర్చుంది. నేను మొదటిసారి కూర్చున్నాను. ఎదురుగా మగ్గం, వీపు వెనక కొత్త పడుగు. రెండున్నర రోజుల్లో అతికేశాను, ఆమె మంచి రోజుల్లో చేసినట్టే. గర్వంగా లేదు, నిద్రొచ్చింది.

మా ఆయన గుంతలోకి దిగి, అతికిన పోగులన్నిటినీ మెల్లగా తన వైపుకు లాగాడు. జానెడు వచ్చింది. తరువాత బిగిసింది. ఇంకాస్త లాగాడు. టప్ మని ఒకటి, వెంటనే పది, ఆ తరువాత గంపెడు పోగులు ఒక్కసారిగా తెగి, నూలు కళ్ళ వెనక వెంట్రుకల్లా వేలాడాయి.

అత్త గోడ పట్టుకుని వచ్చి, తెగని అతుకొకదాని మీద వేలు పెట్టి మగ్గం వైపు నుంచి వెనక్కి నిమిరింది. ఆగింది. ఇంకోదాన్ని నిమిరింది.

"తోకలన్నీ తిరగబడి ఉండాయి" అంది.

అప్పటిదాకా తోక ఎటు వంచాలో ఆమె నాకు చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తెలియదు. అది ఆమె చేతికి మాత్రమే తెలుసు. తోక పడుగు వైపు పడుకుని ఉంటే, ముందుకు లాగినప్పుడు పిల్లిని తల నుంచి తోక దాకా నిమిరినట్టు జారిపోతుంది. మగ్గం వైపు పడుకుని ఉంటే ఎదురు నిమిరినట్టు లేచి నిలబడి, ప్రతి కన్నులోనూ తగులుకుంటుంది.

ఆ మధ్యాహ్నమంతా మేము ముగ్గురం ఆ చిక్కు విప్పడానికే కూర్చున్నాం. పంచలో ఆమె తోకను తన ఒడి వైపుకు వంచేది. ఎదురుగా ఉన్న నేను కూడా దాన్ని ఆమె ఒడి వైపుకే వంచేదాన్ని. పోగులో చూస్తే రెండు తోకలూ ఒకే వైపు, తప్పులేదు. కానీ నా చెయ్యి నేర్చుకున్నది 'ఆమె ఒడి వైపు' అని కాదు. 'నా నుంచి ముందుకు తొయ్యి' అని నేర్చుకుంది. ఆమె పీట మీద నేను కూర్చుంటే ముందు ఉన్నది మగ్గం. చెయ్యి దాని పాఠం అది అప్పజెప్పింది.

చాలా ఏళ్ళ తరువాత, తల నెరిశాక, మా వీధిలో పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పడానికి ఒక టీచరమ్మ వచ్చేది. ఆమె ఎదురుగా కూర్చుని పలక మీద రాసి చూపించబోతే, నేను లేచి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. బాగా చదువుకోవాలని ఆశపడుతున్నానని ఆమె మురిసింది. నేను అక్షరం కోసం కాదు, చెయ్యి ఎటు తిరుగుతుందో చూడడానికి పోయాను.

సరే, మళ్ళీ ఆ రోజుకు వస్తాను.

"నేను మగ్గం వైపే కూర్చుని అతుకుతా" అన్నాను.

"ఆడ యాడ కూచుంటావు? నూలు కళ్ళ మధ్యలోనా? నిన్ను కూడా అతికి నేస్తా" అన్నాడు మా ఆయన. ఎగతాళి కాదు, కోపం. తెగిన పోగుల వైపు చూసి, "మూడు నెలలు కూచున్యారు ఇద్దరూ. ఒకరికీ కనపడల్యా" అన్నాడు.

"నాకే కనపడల్యా. దాన్ని అనొద్దు" అంది అత్త.

చెడిపోయిన మేర కత్తిరించాం. ఒక మూరెడు పడుగు పోయింది. సాహుకారు మనిషి వచ్చి చూసి, నాలుగు రోజులు గడువిచ్చి పోయాడు. ఆ నాలుగు రోజుల్లో అతకకపోతే పడుగు విప్పి తీసుకుపోతాం అన్నాడు. అది అన్యాయమని నేను అనను. పెళ్ళివాళ్ళు ఆగరు.

మళ్ళీ పీట మీద కూర్చున్నాను. నా వైపుకు, నా ఒడి వైపుకు అని లోపల అనుకుంటూ మొదలుపెట్టాను. పది పోగులు సరిగ్గా వచ్చాయి. పదకొండోది ముందుకు పోయింది. విప్పి మళ్ళీ చేశాను. ఏమీ రానప్పుడు నా చేతికి తప్పూ లేదు ఒప్పూ లేదు. ఇప్పుడు దానికి ఒక దారి తెలుసు, ఆ దారి తప్పు దారి. నేను చూస్తున్నంతసేపే నా మాట వినేది. రెప్ప వాల్చితే దాని దారిన అది పోయేది. గుర్తుండాలని చూపుడువేలికి ఎర్ర పేలిక కట్టుకున్నాను. గంటసేపు పని చేసింది. తరువాత ఆ పేలిక కూడా చేతిలో భాగమైపోయి, దానితోనే తప్పు చేశాను.

మొదటి రోజు సాయంత్రానికి అరచేతి వెడల్పు కూడా అతకలేదు.

గోడ అవతలి వదిన వచ్చి చూసింది. "నేనొచ్చి కూచుందునా అంటే మా మగ్గం ఆగుతాది వదినా" అంది. ఆ రోజు బెల్లం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే నాకు బాగుండేది.

రెండో రోజు పొద్దున నేను పీట మీద కూర్చుని ఉంటే వెనక చప్పుడైంది. అత్త గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

"జరుగు" అంది.

లేవబోయాను.

"లేయద్దే. ముందుకు జరుగు, నేను వెనక కూచుంటా."

ఆమె ఆ పీట మీదే నా వెనక కూర్చుంది. రెండు చేతులూ నా చంకల కిందుగా చాపి, నా కుడి మణికట్టును తన కుడి చేత్తో పట్టుకుంది. పట్టుకోగానే ఆమె వేళ్ళ నలుపుడు ఆగింది. ఇద్దరం ఒక వైపుకే చూస్తున్నాం. ఆమెకు ఏది ముందో నాకూ అదే ముందు.

"నువ్వు మెలిపెట్టు. వంచేటప్పుడు నేను లాగుతా" అంది.

మెలిపెట్టాను. ఆగాను. ఆమె చెయ్యి లాగలేదు. నా మణికట్టు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి, కానీ కదలలేదు. స్టేషను గేటు దగ్గర కాళ్ళు ఆగినట్టే ఆగాయి. మెడ వెనక ఆమె ఊపిరి వేగంగా వినపడింది. అట్లా ఎంతసేపు ఉన్నామో.

అప్పుడే గోడ అవతల వదిన వాళ్ళ మగ్గం మొదలైంది. పోగును అచ్చు బాదే దెబ్బ పడింది. ఆ దెబ్బకు అత్త చెయ్యి లేచి నా మణికట్టును నా ఒడి వైపుకు లాగింది. తోక వెనక్కి పడుకుంది. రెండో దెబ్బకు నేను ఇంకో రెండు కొసలు పట్టుకుని మెలిపెట్టాను. మూడో దెబ్బకు ఆమె లాగింది. ఆమెకు లోపలి నుంచి అందని పిలుపు గోడ అవతలి నుంచి అందింది. దాటడానికి కొయ్యలు దొరికినట్టయింది.

మధ్యాహ్నం దాకా అట్లాగే చేశాం. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాట్లాడితే నా చెయ్యి తప్పేది, ఆమె చెయ్యి ఆగేది. ఆమెకు దెబ్బ కావాలి. నాకు ఆమె లాగుడు కావాలి. ఇద్దరికీ కలిపి ఒక మనిషి పనే జరుగుతోంది, అది కూడా నెమ్మదిగా. వీపు పగిలిపోతున్నట్టు ఉంది. నాకే అట్లా ఉంటే వెనక ఆమెకు ఎట్లా ఉందో నేను అడగలేదు.

వదిన వాళ్ళు భోజనానికి లేచారు. మగ్గం ఆగింది. అత్త చెయ్యి ఆగింది. ఇద్దరం ఎత్తిన చేతులతో అట్లాగే కూర్చున్నాం.

మా ఆయన గడప మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. మొన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. లేచి వచ్చి, నేతలో అటూ ఇటూ పోగును మోసే నాడె ఖాళీగా ఉంటే దాన్ని చేతికి తీసుకుని, గుంత పక్కన కూర్చుని, దాని కొసతో మగ్గం గుంజ మీద కొట్టడం మొదలుపెట్టాడు. మగ్గం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. అత్త చెయ్యి కదిలింది.

"కొంచెం నెమ్మదిరా. ఇది నీ పెండ్లాం, గుర్రం కాదు" అంది అత్త.

ఆయన నవ్వలేదు గానీ నెమ్మదించాడు. ఆ రోజూ, మర్నాడూ రాత్రి దీపం పెట్టుకుని కూడా, ఆ పైరోజు మధ్యాహ్నం దాకా వదిన వాళ్ళ మగ్గం ఆగినప్పుడల్లా ఆయన కొట్టాడు. నేసే మనిషి మూడు రోజులు ఒక్క పోగు నేయకుండా కొయ్య మీద కొయ్యతో కొడుతూ కూర్చున్నాడు.

నాలుగో రోజు పొద్దు వాలే ముందు ఆయన గుంతలోకి దిగి లాగాడు. నేను చూడలేదు, పిల్లను ఎత్తుకుని పంచలోకి పోయాను. చప్పుడు వినడానికి కూడా భయమే. ఏడెనిమిది చోట్ల తెగిందట. మిగిలినదంతా దూరింది. తెగినవాటిని ఆయనే కూర్చుని అతుక్కున్నాడు, నేతలో తెగే ఒకటీ అరా పోగు అయితే నేసేవాళ్ళూ అతుక్కోగలరు. చీకటి పడకముందే మా మగ్గం దెబ్బ వినపడింది. గోడ అవతల నుంచి వదిన, "ఇంగ మీ దెబ్బకు మేము నేస్తాంలే" అని కేక వేసింది.

పెళ్ళివాళ్ళ చీర వాళ్ళకు చేరింది. తరువాతి పడుగు మా ఇంటికే వచ్చింది. దాన్నీ అట్లాగే, ఒక పీట మీద ఇద్దరం కూర్చుని అతికాం. ఆ తరువాతిదీ అంతే. నా చెయ్యి కొంచెం కొంచెంగా తిరిగింది. పాత పాఠం పోయిందని మాత్రం నేను ఎన్నడూ అనుకోలేదు. అలసట ఎక్కువైన వేళ, చివరి వంద పోగుల దగ్గర, చెయ్యి మళ్ళీ ముందుకు తోసేది. తరువాత ఎన్నేళ్ళు అతికినా, పొద్దు వాలే వేళ అతికినవాటిని పొద్దునే వేలితో నిమిరి చూసుకోకుండా మగ్గానికి ఇవ్వలేదు.

నాలుగో పడుగో ఐదోదో, నీలం రంగుది. అత్త వెనక కూర్చుని నా మణికట్టు పట్టుకుని ఉంది. వదిన వాళ్ళ మగ్గం ఆడుతోంది. నేను మెలిపెట్టి వంచాను. వంచిన తరువాత ఆమె చెయ్యి లాగింది. మరోసారి చేశాను. మళ్ళీ నా తోక పడుకున్నాక ఆమె లాగుడు వచ్చింది. నేను కావాలని ఆగి చూశాను, ఆమె కోసం. ఆమెకు తెలిసిపోయింది.

"నా కోసరం ఆగద్దు. నీ చెయ్యి నా చెయ్యి కంటే ముందే పోతాంది" అంది.

"దెబ్బ సరిగ్గా వినపడుతాండ్లేదు అత్తా" అన్నాను.

"నాకు వినపడతానే ఉండాది."

ఆమె నా మణికట్టు వదిలింది. వదిలిన చెయ్యి నా ఒడిలో పడి, పోగు లేకుండానే వేళ్ళు నలుపుకోవడం మొదలుపెట్టింది. నేను దాన్ని అట్లాగే ఉండనిచ్చి ఇంకో రెండు కొసలు పట్టుకున్నాను. మెలిపెట్టాను, వంచాను. నా వైపుకే వంగింది.

"లేపుదునా అత్తా? పోయి పండుకుంటావా?" అని అడిగాను.

ఇంకో పది పోగులు అతికాను. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"వద్దులే. లేసేదానికి కూడా చాతకాదు. ఈ పూటకు ఈడనే ఉంటా, నువ్వు కానీ" అంది.

ఆమె గడ్డం నా భుజం మీద ఆనించింది. బరువుగా ఉంది. ఆ బరువుతోనే మిగిలిన పోగులు అతుకుతూ పోయాను.